బాలే పరిభాష: అర్థవిచారము

మన సంఘములు ఉగాదికిని దసరాకును అచ్చొత్తించు ఆహ్వానపత్రికలలో ‘బ్యాలే’ అను మాట తరచుగా కానవచ్చుచుండును. శ్రీనివాసకల్యాణము బ్యాలే, రుక్మిణీకల్యాణము బ్యాలే అని పెద్ద అక్షరములలో ఉండును. తీరా వెళ్లి చూచినచో అచట జరుగునది కూచిపూడి బాణీలో కూర్చిన నృత్యరూపకము. నృత్యరూపకమను చక్కని పేరుండగా బ్యాలే అనుట ఎందులకని అడిగినచో సమాధానము చెప్పువారు అరుదు. ఈ వాడుక మన తెలుగువారు పుట్టించినది మాత్రము కాదు. ఉదయశంకర్ 1923లో అన్నా పావ్లోవాతో కలసి లండనులో రాధాకృష్ణుల నృత్యమాడెను. పిమ్మట ఆయన స్వదేశమున కూర్చిన బృందనృత్యములకు ఆ పేరు అంటుకొన్నది. నాటి బొంబాయిలోనే 1952లో శాంతి బర్ధన్ నెలకొల్పిన బృందమునకు లిటిల్ బాలే ట్రూప్ అని పేరు. వారు రామాయణమును బొమ్మలాట తీరున ఆడిరి. పలువురు కలసి ఒక కథను నర్తించి చూపిన చాలును, అది బాలే యైనది. ఆ పేరు పుట్టిన చోట దానికి గల అడుగులతోను, ఆ అడుగుల పేళ్లతోను ఈ ప్రదర్శనములకు గల సంబంధము మిక్కిలి తక్కువ.

నేనును ఈ మాటను ఏండ్ల తరబడి అట్లే వాడితిని. ఆలోచింపజేసినది నా తరగతిలోని ఒక బాలిక. నాగ్‌పాడా ప్రాంతమున మా తెలుగు మాధ్యమ పాఠశాలకు వచ్చువారిలో ఎక్కువమంది కామాఠీపురా చాళ్ల పిల్లలు. పదునెనిమిదవ శతాబ్దపు చివరినుండి ఈ నగరమును కట్టుటకై వచ్చిన తెలుగు కూలీలను కామాఠీలనిరి; పేటకు ఆ పేరే నిలిచినది. ఈ బాలిక తాతయు మేస్త్రీయే. సూనీ తారాపోర్‌వాలా తీసిన ‘యే బ్యాలే’ అను చలనచిత్రము 2020లో వెలువడినది. ఈ నగరపు పేదయిండ్ల బాలురిద్దరు బాలే నేర్చిన వృత్తాంతమది. నిజముగా జరిగిన దానిని ఆధారముగా గొన్నది. ఆ చిత్రమును సెల్‌ఫోనులో చూచి, ఈ పిల్ల శనివారములందు రుసుము లేకుండ బాలే నేర్పు ఒక తరగతికి పోజొచ్చినది. ఒకనాడు వ్యాకరణపాఠము ముగిసిన పిదప నా బల్లయొద్దకు వచ్చి, “సార్, ఫోఁద్యూ అంటే ఏంది? మేడమ్ వారం వారం అదే అంటది. నాకైతే సమజ్ కాదు” అని అడిగినది.

నాకును సమజు కాలేదు. రెండు దినములు గడువు కోరి, నిఘంటువు చూచి, “కరిగినది అని అర్థమమ్మా” అని చెప్పితిని. ఆ పిల్ల కొంతసేపు ఊరకుండి, “నెయ్యి లెక్కనా సార్?” అన్నది.

ఆ ప్రశ్నలోనే ఈ వ్యాసమునకు విషయము కలదు. ఫోఁద్యూ అనగా ఒంటికాలిపై నిలిచి, ఆ కాలిని మోకాటియొద్ద మెల్లగా వంచుచు, రెండవ కాలిని చీలమండ దగ్గరకు ముడిచి, మరల రెండింటిని ఒక్కమారే చాచుట. వంచుట, చాచుట అను క్రియలు మాత్రమే తెలిసిన పిల్ల టక్కున వంచి టక్కున చాచుచుండెను. పళ్లెములో పేరిన నెయ్యి వేడి తగిలినపుడు ఎచట మొదలైనదో ఎచట ముగిసినదో తెలియకుండ జారును గదా. ఆ తీరు కావలెనని ఆ పేరే చెప్పుచున్నది. నేను వారి చాళు మీదుగా పోవుచు ఒక సాయంకాలము చూచితిని: ఆ పిల్ల రెండవ అంతస్తు గ్యాలరీ కటకటా పట్టుకొని, ఆరవేసిన బట్టల నడుమ, నెయ్యి కరగించుచుండెను. అడుగు సరిగా పడినదో లేదో చెప్పగల విద్య నాకు లేదు. తొందర మాత్రము తగ్గినది.

ఇట మా వృత్తికి సంబంధించిన ఒక చిన్నమాట. ఫ్రెంచిలోని అనునాసిక స్వరములను తెలుగున వ్రాయుటకు ‘న్’ పొల్లు చాలదు; పొల్లు పెట్టినచో నాలుక దంతములను తాకును, ఫ్రెంచివాని నాలుక తాకదు. మనము అక్కరలేదని అచ్చునుండి తొలగించిన అరసున్న ఈ పనికి అచ్చముగా సరిపోవుచున్నది. ఫోఁద్యూ, తాఁద్యూ, ఆసాఁబ్లే, బాత్‌మాఁ అని వ్రాసికొనవచ్చును. అరసున్న ఎందులకని ఏటేట అడుగు పిల్లలకు చెప్పుటకు నాకు ఎట్టకేలకు ఒక ప్రయోజనము దొరకినది.

బాలే పదములలో ముఖ్యములైనవానిని వరుసగా పెట్టి చూచినచో వ్యాకరణము చెప్పువానికి ఒక విశేషము తోచును. ప్లియే అనగా వంచినది. తాఁద్యూ అనగా చాచినది. ఫ్రాపే కొట్టినది, జెతే విసరినది, షాస్సే తరిమినది, ఎషాపే తప్పించుకొన్నది, ఆసాఁబ్లే కూర్చినది, ఫ్వెతే కొరడాతో చరచినది, రెలెవే ఎత్తినది. ఇవి చేయుమను ఆజ్ఞలు కావు. జరిగిపోయిన క్రియను చెప్పు విశేషణములు. గురువు ‘వంచుము’ అనుట లేదు, ‘వంగినది’ అనుచున్నాడు. సంస్కృతమున క్త ప్రత్యయాంతములు ఎట్టివో ఇవియు అట్టివే. భరతుని నాట్యశాస్త్రమున చెప్పిన పదుమూడు శిరోభేదముల పేళ్లు చూడుడు: ఆకంపితము, కంపితము, ధుతము, విధుతము, పరివాహితము, అంచితము, పరావృత్తము, ఉత్‌క్షిప్తము, లోలితము మొదలగునవన్నియు ఆ మూసలోనివే. పాదభేదములలో కుంచితమనగా వంగినది; ప్లియేకు అక్షరాల సోదరి, ఒకటి మోకాటికి, మరొకటి పాదమునకు చెప్పబడినను. ఒకరి గాలి ఒకరికి సోకని రెండు దేశములలో నాట్యాచార్యులు అడుగునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు వ్యాకరణములోని ఒకే అరను తెరచిరి. కదలిక క్షణములో గతించును. పేరు నిలుచుటకు అది గతించిన పిదప గాని తావు లేదని నా ఊహ.

ఇంతకును అర్థము తెలియుట వలన ప్రయోజనమేమి? జెతే అను మాటనే తీసికొందము. వాడుకలో దీనిని గెంతు అని చెప్పి ఊరకుందురు. గెంతు అన్నపుడు మనస్సు నేలను విడుచుటపై నిలుచును. విసరినది అన్నపుడు విసరబడు కాలిపై నిలుచును. దేహము ఆ విసరు వెంట పోవును. షాస్సేలో వెనుకకాలు వచ్చి ముందుకాలిని దాని చోటినుండి తరిమివేయును. రెండు కాళ్లును కలసి జరుగుట అది కాదు. ఎషాపేలో మూసికొనియున్న పాదములు ఒక్కమారే రెండు వైపులకు విడివడును. విప్పుట వేరు, తప్పించుకొనుట వేరు, రెండవదానిలో తటాలున అను భావము కలదు. ఆసాఁబ్లేలో కాళ్లు గాలిలోనే కలసికొని, కలసియే నేలకు దిగవలెను. నేలపై కలసినచో అది పేరు తప్పినట్లే. ‘హంససరస్సు’ అని మనవారు చెప్పుకొను బాలేలో ముప్పదిరెండు ఫ్వెతేలు కలవు. సెయింట్ పీటర్స్‌బర్గులో 1895లో పియెరీనా లెన్యానీ వానిని ఆడి ఖ్యాతికెక్కినది. చూచువారు తిరుగుళ్లను లెక్కించుచుందురు. పేరు మాత్రము తిరుగుటను చెప్పుట లేదు; ఆ తిరుగుటకు ఊపునిచ్చు కాలి కొరడాను చెప్పుచున్నది.

అయితే పేరును నమ్మి మోసపోవు చోట్లును కలవు. పా ద షా అనగా పిల్లి అడుగు. అందు రెండు కాళ్లును గాలిలో ఒకదాని వెంట ఒకటి ముడుచుకొనును, ఉపమానము పొసగినది. మనకు నూట యెనిమిది కరణములలో హరిణప్లుతమున్నట్లే. ఇది చదివినవాడు ఆఁత్రషా అను మాటను చూచి, దాని తుదిని గూడ ‘షా’ ఉన్నది గనుక ఇచటను పిల్లి కలదనుకొనును. వ్రాతలోను ఆ అక్షరములే. కాని అది పిల్లి కాదు. అల్లుట అను అర్థముగల ఇటాలియను మాట ఫ్రెంచివారి నోట అట్లు మారినది. ఎగిరియుండగా పాదములు ముందువెనుకలుగా అల్లుకొనుటయే దాని లక్షణము. సిస్సోన్ అను మాట ఒక ప్రభువు పేరనుచుందురు. దాని అర్థము వెదకిన అడుగునకు ఒరుగునది లేదు. పా ద బూరేలోని బూరే ఓవెర్న్ అను కొండసీమ పల్లెటూరి నృత్యము; పా ద బాస్క్ బాస్కు జనుల అడుగు. రాజసభలో పట్టుపాదరక్షలు తొడిగికొన్న ఈ విద్యలో పల్లెకాలు ఎంత కలదో ఈ పేళ్లు చెప్పుచున్నవి. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయసేనాని నృత్తరత్నావళిలో మార్గముతోబాటు దేశిని ఎంత శ్రద్ధగా పట్టి వ్రాసెనో తెలిసినవారికి ఇది వింత గాదు.

అసలు ఈ విద్య ఫ్రెంచివారి సొత్తుగా పుట్టలేదు. బాలే అను మాటయే ఇటాలియను బల్లెత్తో. ఇటలీనుండి కాథరిన్ ద మెదిచీ రాణియై వచ్చిన పిదప ఫ్రెంచి సభలో ఇట్టి వినోదములు ప్రబలినవి. 1581లో ఆడిన ‘రాణీగారి హాస్య బాలే’ వానిలో పేరుగన్నది. పదునాలుగవ లూయీ తానే నర్తకుడు. ఆయన 1661లో పదుమువ్వురు నాట్యాచార్యులతో రాజకీయ నృత్యపరిషత్తును స్థాపించెను. అతని ఆచార్యుడు బోషాఁ అయిదు పాదస్థానములను స్థిరపరచెననుట ప్రసిద్ధము. 1700లో ఫ్వెయే అడుగులను గుర్తులతో వ్రాయు విధానమును గ్రంథముగా ప్రకటించెను. అప్పటికి పరిభాష ఫ్రెంచి యైనది, అంతే, మరల మారలేదు. ఇటలీవాడైన కార్లో బ్లాసిస్ 1820లో మిలాను నగరమున తన శాస్త్రగ్రంథమును ప్రకటించినపుడు దానిని ఫ్రెంచిలో వ్రాసెను. విప్లవానంతరము రష్యాలో ఎన్ని పేళ్లు మారినవో లెక్కలేదు. అయినను లెనిన్‌గ్రాదులో 1934లో వగానొవా వెలువరించిన పాఠ్యగ్రంథము రష్యనులో ఉన్నది, అడుగుల పేళ్లు ఫ్రెంచిలోనే ఉన్నవి. అట్లని అందరికి అర్థమొక్కటే అనుకొనరాదు. ఆరబెస్క్ అను భంగిమ చెక్కేట్టీ పద్ధతిలో అయిదు విధములు, వగానొవా పద్ధతిలో నాలుగు. మాట చెడకుండ నిలిచినను లెక్క తప్పినది.

ఈ చరిత్ర తెలిసికొనకయే నేనొక సాహసము చేసితిని. ఫోఁద్యూ ఫలించిన ఉత్సాహములో నలుబది మాటలకు తెలుగు పారిభాషిక పదములు కల్పించి, గీతలు గీచిన కాగితముపై వ్రాసి ఆ పిల్లకు ఇచ్చితిని. క్త ప్రత్యయము దొరకినది గదా! ద్రవితము, క్షిప్తము, ప్రసారితము, పలాయితము, కశాహతము అని ఒకటే వరుస. ఆ పిల్ల మరునాడు కాగితము తెచ్చి, “ఈ తెలుగుకన్న ఫ్రెంచే నయం సార్” అన్నది. ఎనిమిదవ తరగతి పిల్ల చేసిన ఆ విమర్శకు నేను తిరుగు చెప్పలేకపోతిని. ధుతము, లోలితము అను పేళ్లు భరతుని నాట్యములో అడుగుతోబాటు పుట్టినవి. నా ద్రవితము నిఘంటువులో పుట్టి కాగితముపై పోయినది. కరిగినది అని చెప్పినచో వచ్చిన నెయ్యి, ద్రవితమన్నచో రాలేదు.

పిల్ల తాత ఈ తగవు విని నవ్వెను. ఆయన జీవితమంతయు గోడలు కట్టినవాడు. తూకపు గుండును ఓళంబా అనును. అది మరాఠీ మాట. మేస్త్రీ అను తన వృత్తినామము పోర్చుగీసు వారిదని నేను చెప్పగా, “ఎవల్దయితేంది సార్, గోడ సక్కగ నిలవాలె” అనెను. ఇది బలమైన వాదము. ఫ్రెంచి రాని జపాను బాలికయు, రష్యను బాలుడును చక్కగా ఆడుచుండలేదా? నిజమే. వారికి దినదినము ఎదుట నిలిచి కాలు చాపి చూపు గురువు కలడు. మాటలోని అర్థమంతయు గురువు కాలిలో కలదు. ఓళంబాయు అట్లే, చేతిలో పట్టి చూపినచో అర్థముతో పని లేదు. వారమునకొక్క గంట ముప్పదిమందితో నిలిచి చూచు పిల్లకు ఆ చూపు చాలదు. ఇంటికి తీసికొనిపోవుటకు ఆమెకు దొరకునది మాట ఒక్కటియే. అందువలన ఆ మాట మూటలో ఏమున్నదో తెలియుట ఇట అవసరము. పిలుపు ఫ్రెంచిలో ఉండనిమ్ము, లేనిచో మరియొక గురువు నొద్దకు పోయినపుడు పిల్ల చెవిటిదగును; తెలివిడి మాత్రము ఇంటి మాటలో ఉండవలెను.

ఇంటి మాటలు ఎంత దగ్గరగా ఉన్నవో చూచినచో నా నలుబది పదముల శ్రమ మరింత సిగ్గుచేటుగా తోచును. భరతనాట్యమున మోకాళ్లు పక్కలకు విచ్చి సగము వంగి నిలుచుటను అరమండి అందురు. దెమి ప్లియే అనగా సగము వంగినది. అర తెలుగునకును తమిళమునకును ఉమ్మడి. తట్టడవులోని తట్టు ఫ్రాపేకు సన్నిహితము. సరుక్కల్ అనగా తమిళమున జారుట, గ్లిస్సాద్ అనినను జారుటయే. అడుగులను వరుసగా కట్టినదానిని బాలేలో ఆఁషెన్‌మాఁ అందురు, గొలుసుగా చేసినది అని. మన నట్టువాంగములో కోర్వై అందురు, దండగా గుచ్చినది అని. అడుగులు ఒకటే అని నేననుట లేదు. అరమండి నిలుచుటకు, ప్లియే లేచుటకు. ఒకటి నేలను అడుగును, మరొకటి నేలను వదలుటకు సిద్ధమగును. పేరు పెట్టిన బుద్ధి మాత్రము ఒక్క జాతిది.

ఇచటినుండి విషయము మన గుమ్మములోనికి వచ్చుచున్నది. పదునాలుగవ లూయీ పారిసులో 1661లో నృత్యపరిషత్తును స్థాపించు నాటికి తంజావూరిలో విజయరాఘవనాయకుడు ఏలుచుండెను. ఆయన సభలో నృత్యమునకు భాష తెలుగు. చుట్టును తమిళదేశము, ఆడువారు, నట్టువాంగము పట్టువారు పెక్కురు తమిళులు. క్షేత్రయ్య ఆ సభను దర్శించిన కవి. 1673లో నాయకరాజ్యము పోయినది, మరాఠాలు వచ్చిరి. భాష మారలేదు, షాహజీ మహారాజు స్వయముగా తెలుగున పల్లకీ సేవా ప్రబంధము రచించెను. సరభోజి కాలమున పొన్నయ్య సోదరులు నలువురు, తమిళులయ్యును, కచ్చేరీ క్రమమునకు తీర్చిన వర్ణములు స్వరజతులు పెక్కు తెలుగున ఉన్నవి. శబ్దములో తెలుగు నడుమ ‘సలాము’ అను అరబ్బు మాట మెరయును, బాలేలో ఆరబెస్క్ మెరసినట్లే. 1880లో తంజావూరి రాజకుమారి బరోడా గాయక్వాడును పెండ్లాడినపుడు ఆమెతో నర్తకీబృందమును పంపిరి; తెలుగు పదము అట్లు ఘూర్జరదేశమునకును వచ్చినది. మన ముంబయిలోనే మాటుంగాలో 1945లో శ్రీ రాజరాజేశ్వరి భరతనాట్య కళామందిరము వెలసినది. నాటినుండి ఎందరు తమిళ, గుజరాతీ, మరాఠీ బాలికలు తెలుగు పదములకు అభినయించిరో! పారిసునకు ఫ్రెంచి యెట్లో, దక్షిణదేశపు నాట్యమునకు తెలుగు అట్లు. ఇది మనము సభలలో గొప్పగా చెప్పుకొను మాట.

కాని ఫ్రెంచివాడు తన మాటకు అర్థము చెప్పుచున్నాడు. బాలే పదముల నిఘంటువులు పెక్కు భాషలలో కలవు; ముంబయిలో ఫోఁద్యూ అని అడిగినవానికి రెండు దినములలో నెయ్యి దొరకినది. క్షేత్రయ్య పదము నేర్చు గుజరాతీ బాలికకు మాటమాటకు అర్థము చెప్పు చిన్న పుస్తకము మన సంఘములలో నేదియైన అచ్చొత్తించినట్లు నేనెరుగను. గురువు మొత్తము భావమును చెప్పును: నాయిక అలిగినది, సఖిని పంపుచున్నది అని. అది ఎషాపేను ‘గెంతు’ అని చెప్పుట వంటిదే. అలుక ఏ మాటయొద్ద మొదలైనది, ఏ క్రియకు చేయి కదలవలెను అనునది దానివలన తెలియదు. పదము తుదిని వచ్చు మువ్వగోపాల ముద్రయొద్ద, వంగి కాలి గజ్జెలను చూపు నర్తకిని నేను చూచితిని. కృష్ణాజిల్లాలో మొవ్వ అను ఊరు కలదనియు, ముద్రలోని గోపాలుడు ఆ ఊరి దేవుడనియు ఆమెకు ఎవరును చెప్పియుండరు. మువ్వకు చిరుగజ్జె అను అర్థము లేకపోలేదు. అందుచేతనే ఈ పొరపాటు ఆఁత్రషాలోని పిల్లివలె అందముగా ఉన్నది. అందముగా ఉన్న తప్పును దిద్దుట కష్టము. అలారిప్పు అను మాటను తెలుగు ‘అలరింపు’ అని మనవారును, అలర్ అనగా వికసించుట అని తమిళులును చెప్పుకొందురు. ఈ వాదములో మన ఉత్సాహము ఎక్కువ. ఎవరిదో తేలని ఆ యొక్క మాటకొరకు పోరాడుచు, మనదని తేలిన వేయి మాటలకు అర్థము చెప్పము.

మన పిల్లల స్థితియు వేరుగా లేదు. చాళులో తెలుగు మాటాడు పిల్లకు పదములోని తెలుగు పరభాషయే. కిందటి సంవత్సరము మా సంఘపు వార్షికోత్సవమునకు ఒక తమిళ గురువు మన పిల్లలకే ఒక పదము నేర్పుచుండెను. అభ్యాసము నడుమ ఆయన నన్ను పిలిచి, పల్లవిలోని ఒక క్రియాపదమును చూపి, “మీరు తెలుగు వారు గదా సార్, ఇక్కడ కోపమా, వేడుకోలా? చెయ్యి ఎటు పట్టించాలో తెలియలేదు” అని వచ్చీరాని తెలుగున అడిగెను. ముప్పది కండ్లు నా వైపు తిరిగినవి. నేను రేపు చెప్పెదనంటిని. ఆ రాత్రి సూర్యరాయాంధ్ర నిఘంటువు విప్పవలసి వచ్చినది; వేడుకోలని తేలినది. మరునాడు చెప్పగా ఆయన పిల్లల చేతులను విప్పి, అరచేతులను పైకి త్రిప్పించి, పల్లవిని మరల మొదటినుండి పట్టెను.